సారు నీటిబల్లి, నా ఫోకస్ లైట్లు

మా ఎదురింటి సైన్సు సారు పోయిన బుధవారం పొద్దున చనిపోయారు. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిందంట. బద్వేల్లో సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్ళే. నేను చదవలేదు. నా చదువు బిల్లు రాసుకునేంత వరకే. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు లైట్లు కట్టి బతికినవాణ్ణి. ఈ ఊళ్ళో వెలుగంటే నేనే. ఆ మాట ఇప్పుడూ తగ్గించి చెప్పను.

సారు ఇంటి నడవలో ఒక గాజుతొట్టి, అందులో ఒక నీటిబల్లి ఉండేది. పేరుకే బల్లి, జాతి కప్పదని సారు చెప్పేవారు. తెల్లగా జానెడు పొడవు, మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలు. దానికి లైటు పెట్టాలని నన్ను పిలిచారు. నేను పెళ్ళి స్టేజీకి కట్టే లైటే తెచ్చి బిగించాను. తొట్టి ధగధగలాడింది. నీటిబల్లి పోయి తొట్టి అడుగునున్న కుండపెంకు కింద దూరింది. సారు నీళ్ళలో వేలు పెట్టి చూసి తీసెయ్యమన్నారు. అది చల్లటి నీళ్ళ జీవి, మన ఎండే దానికి ఎక్కువ అన్నారు. చిన్నది తెచ్చాను. అదీ ఎక్కువే. చివరికి వేడెక్కని చిన్న ఎల్ఈడీ, దానికీ ఒక అట్టముక్క అడ్డం. నాకు రోషమొచ్చింది.

"చీకటే కావాలంటే నన్నెందుకు పిలిచినారు సార్?"

ఆయన నవ్వారు. "దానికి రెప్పల్లేవప్పా. కండ్లు మూసుకోలేదు. ఎంత వెలుగు పడాలో మనమే చూసుకోవాల."

ఎండాకాలం ఆ తొట్టిలో ఐసు కట్టిన నీళ్ళ బాటిలు తేలేసి, తాను మాత్రం విసనకర్రతో సర్దుకునేవారు. కర్నూల్లో కూతురి దగ్గరికి పోతే తాళం నాకిచ్చేవారు. సాయంత్రం ఫోన్ చేసి బాగున్నావా అని కూడా అనరు. లైటు ఆర్పినావా, అంతే.

చనిపోయిన రోజు కూతురి కోసం ఎదురుచూస్తూ సారును నడవలోనే పడుకోబెట్టాము. పొద్దు వాలింది. మా సారు చీకట్లో ఉండకూడదని, ఎవరూ అడక్కుండానే రెండు ఫోకస్ లైట్లు తెచ్చి నిలబెట్టాను. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నేను గర్వంగా గుమ్మం దగ్గర కూర్చున్నాను.

కూతురు వచ్చింది. తండ్రి మీద పడి ఏడ్చింది. తల ఎత్తి తొట్టి వైపు, ఆ తర్వాత నా వైపు చూసింది.

"పెద్నాయనా, పొద్దు గూకితే నాయన ఈడ లైటు ఆర్పేసేవాడు గదా."

అప్పుడు చూశాను. వెలుగు పెంకు కింద దాకా కొడుతోంది. నీటిబల్లి మూల గాజుకు మూతి ఆనించుకుని ఉంది. మొప్పలు ముడుచుకుపోయాయి. నేను లేచి స్విచ్చి కట్టేశాను. శవం దగ్గర లైటు ఆర్పుతావా, బుద్ధుందా అని జనం తిట్టారు. తలాపున దీపం ఒక్కటే మిగిలింది. సారు కళ్ళు మూసింది నా చేతులే. రెప్పలు లేనిదాన్నే మరిచాను.

ఇప్పుడా తొట్టి మా ఇంట్లో ఉంది. అది ఇంకా తిండి ముట్టలేదు. పొద్దు గూకగానే ఇల్లంతా ఆర్పేస్తున్నాను. కరెంటు పోయిందా అని వీధిలో అడుగుతున్నారు. పోలేదంటున్నాను. చాలాసేపటికి అది పెంకు కిందనుంచి సగం తల బయటపెడుతుంది. నేను కదలకుండా కూర్చుంటాను.