గాలి దిగని టైరు

జూబ్లీ హిల్స్‌లో సైకిలు తొక్కేవాళ్లు రెండే రకాలు. పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని, ఒంటికి అతుక్కుపోయే బట్టలు వేసుకుని, మోటారు సైకిలు కన్నా ఖరీదైన సైకిళ్ల మీద పోయేవాళ్లు ఒక రకం. ఆ ఇళ్లలో పనికి వచ్చేవాళ్లు ఇంకో రకం. యాభై దాటిన ఆడమనిషి చున్నీ నడుముకి బిగించి, ముందు బుట్టలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కుతుంటే, ఏ రకంలో వెయ్యాలో ఎవరికీ అర్థం కాలేదు. డబ్బింగ్ స్టూడియో గేటు దగ్గర సెక్యూరిటీ అతను, సైకిలు మీద వెళ్లిన మొదటిరోజు నన్ను ఆపి, "వంటోళ్లు ఎనక గేటుకెల్లి పోవాలె" అన్నాడు. లోపలివాళ్లు ఇంకో మెట్టు పైకెళ్లి, పాపం అవకాశాలు తగ్గి కారు అమ్మేసుకుందట అని చెప్పుకున్నారు. నాకు కారు ఎప్పుడు ఉందో వాళ్లే చెప్పాలి.

నా ముఖం మీకు తెలియదు. గొంతు మాత్రం ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. తెర మీద కోడల్ని నిలదీసే అత్తలకీ, కొడుకుని శపించే మహారాణులకీ తెలుగు రాకపోతే వాళ్ల బదులు చీకటి గదిలో మైకు ముందు నిలబడి మాట్లాడేది నేనే. పాతికేళ్లుగా అదే నా పని. పోయినేడాది నిమ్ము చేసి ఆసుపత్రిలో పడ్డాను. తగ్గింది కానీ ఊపిరి కురచయిపోయింది. ఇదివరకు పెద్ద డైలాగు ఒక్క గుక్కలో చెప్పేదాన్ని. ఇప్పుడు సగం దాటేసరికి గాలి అయిపోతోంది. గాజు తలుపు అవతల కూర్చునే సౌండ్ ఇంజినీరు మంచివాడు. "పర్లేదు మేడమ్, ముక్కలుగా తీసుకుందాం" అన్నాడు.

మా పనిలో ఆ మాట ఎప్పుడు అంటారో నాకు తెలుసు. నా ముందు ఆ మాట విన్న పెద్దావిడలు ఇప్పుడు ఇంట్లో ఉన్నారు. ముక్కల్ని కంప్యూటరులో చక్కగా అతికించొచ్చు, అతుకు కూడా కనబడదు. కోపం మాత్రం అతకదు. మొదటి మాటలో రాజుకున్న కోపం చివరి మాట దాకా ఒకే ఊపిరి మీద పెరుగుతూ పోవాలి.

డాక్టరుగారు ఊపిరితిత్తులకి పని చెప్పమన్నారు. నడక నాకు విసుగు. చెల్లెలి కూతురు వాడకుండా పడేసిన గేర్ల సైకిలు తెచ్చుకున్నాను. మధురానగర్‌లో మా ఇంటి నుంచి యూసుఫ్‌గూడ మీదుగా జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఎత్తు, అక్కడి నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఎత్తూ పల్లం. మొదట్లో సగం దారి తోసుకుంటూనే వెళ్లాను. నెల తిరిగేసరికి దిగకుండా ఎక్కాను. పైకి చేరి కాలు కింద పెట్టి, రోడ్డు పక్కన పెద్ద బంగళా గోడకి ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాను. నా ఛాతీలో ఇంత గాలి పడుతుందా అని నాకే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు మొదలయ్యాయి పంచర్లు. సెట్ల సామాను మోసే వ్యాన్లు మేకులు రాల్చుకుంటూ పోతాయి, అది తెలిసిందే. అసలు శత్రువు వేరే ఉంది. ఈ చుట్టుపక్కల కారు లేని గేటు లేదు, నిమ్మకాయా మిరపకాయలూ కట్టని కారు లేదు. వాటిని సన్నటి ఇనుప తీగకి గుచ్చుతారు. ఎండిపోగానే కొత్తది కట్టి పాతది రోడ్డు మీద విసిరేస్తారు. మిరపకాయలు మట్టిలో కలిసిపోతాయి, తీగ మిగులుతుంది. ఒకరి దిష్టి పోవడం కోసం ఇంకొకరి టైరు పోవాలన్నమాట.

మా ఆయన సినిమాలకి ప్రొడక్షన్ మేనేజరుగా చేసి మానేసిన మనిషి. గుమ్మడికాయ కొట్టనిదే ఏ పనీ ముగిసినట్టు ఒప్పుకోరు. వరసగా పంచర్లవుతుంటే ఆయన తేల్చిన కారణం, నేను సైకిలు ఎక్కడం చూసి అందరూ కుళ్లుకుంటున్నారని. ఒకరోజు నాకు చెప్పకుండా సైకిలు సీటు కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. చెక్‌పోస్ట్ దాటకముందే అది జారి వెనక చక్రం కిందికి వచ్చింది. తీగ నేరుగా ట్యూబులోకి దిగింది. ఇంటికొచ్చి చూపిస్తే, "చూశావా, నీకు తగలాల్సింది టైరుకి తగిలింది" అన్నారు. ఈ మనిషితో వాదించి ఊపిరి వృథా చేసుకోకూడదని ఊరుకున్నాను.

పంచరయిన రోజు సైకిలు ఎక్కడో వదిలి ఆటో ఎక్కాలి. ఆ రోజు ఎత్తు ఎక్కనట్టే. వారంలో సగం రోజులు అలాగే పోతుంటే, పెరిగిన ఊపిరి మళ్లీ తగ్గడం మైకు ముందు నాకు తెలిసిపోతోంది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద సినిమాలో మహారాణి వేషానికి నా గొంతు అడిగారు. నిండు సభలో ఆవిడ పెట్టే శాపం చాలా పొడుగు. దర్శకుడు మర్యాదగానే, కానీ మొహమాటం లేకుండా చెప్పాడు. "ఇది ఒక్క ఊపిరిలో కావాలండీ. అతుకులొద్దు. కుదరకపోతే వేరే గొంతు చూసుకుంటాను, ఏమనుకోకండి." వినాయక చవితి వెళ్లాక డబ్బింగ్ అన్నారు. నాకు కావలసింది ఏ మందో కాదు, గాలి దిగని టైరు.

యూసుఫ్‌గూడ దగ్గర సైకిళ్ల షాపుకి వెళ్లి నా బాధ చెప్పాను. షాపాయన ముందు లోపల గాలే లేని గట్టి రబ్బరు టైరు తీశాడు. "గాలే లేకపాయె, ఇగ పంచర్ యాడికెల్లొస్తదమ్మా" అన్నాడు. అది తొడిగిన సైకిలు ఒకటి ఉంటే తొక్కి చూస్తానన్నాను. టైర్ల సంగతి నాకేం తెలుసు, నాకు తెలిసింది గొంతు. అందుకని సైకిలెక్కి "ఆ..." అని ఒకటే శ్రుతిలో రాగం తీస్తూ వీధి చివరిదాకా వెళ్లాను. గుంతలో పడ్డప్పుడల్లా నా "ఆ" ముక్కలు ముక్కలైంది, స్పీడు బ్రేకరు దగ్గర పూర్తిగా తెగిపోయింది. షాపాయన పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా, దెబ్బ తాకిందా?"

ఇది వద్దన్నాను. సన్నటి నున్నటి టైరు మీద "ఆ" హాయిగా సాగింది కానీ, బొటనవేలితో నొక్కి చూస్తే అప్పడంలా ఉంది. ముళ్ల ముళ్లగా లావుగా ఉన్న టైరు తారు రోడ్డు మీద గుర్రుమని నా గొంతుకి పోటీ వచ్చింది. ఆఖరికి షాపాయన అయిష్టంగానే ఇంకో జత తీశాడు. పైకి మామూలు టైరే. లోపల, రబ్బరుకీ ట్యూబుకీ మధ్య, చపాతీ మందాన ఇంకో పొర ఉంది. దాని మీద నా "ఆ" కాస్త వణికింది కానీ తెగలేదు. "గిది మస్తు బరువుంటదమ్మా" అన్నాడాయన. "చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కేటప్పుడు ఎర్కైతది. మల్ల నన్ను తిట్టొద్దు." అదే వేయించుకున్నాను.

మర్నాడు షాపాయన్ని మనసారా తిట్టుకున్నాను. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. ఎప్పుడో మానేసిన తోయడం మళ్లీ మొదలైంది. కాళ్లు పీక్కుపోయి, ఊపిరి అందక, మహారాణి చేజారిపోయినట్టేనని భయపడ్డాను. ఇంట్లో చెబితే మళ్లీ నిమ్మకాయలు వస్తాయని చెప్పలేదు. అయినా వదలలేదు, ఎందుకంటే ఆ వారమంతా ఒక్కరోజు కూడా ఆటో ఎక్కలేదు. బరువుదయినా నా ఎత్తు నాకు రోజూ దక్కుతోంది.

మళ్లీ దిగకుండా ఎక్కడం వచ్చాక, వాన వెలిసిన ఒక పొద్దున స్టూడియోలో సైకిలు నిలబెడుతుంటే వెనక టైరులో ఏదో మెరిసింది. వంగి చూశాను. ఇనుప తీగ. కొసకి ఎండు మిరపకాయ తొడిమ ఇంకా అంటుకునే ఉంది. లోపలి పొరని దాటలేక అడ్డంగా దూరినట్టుంది, వేళ్లతో పట్టి లాగితే వస్తూనే ఉంది, నా చిటికెన వేలంత పొడుగు. తీగ బయటికొచ్చిన చోట చెవి ఆనించి విన్నాను. చిన్న చప్పుడు కూడా లేదు. టైరు రాయిలా ఉంది. ఎక్కడ గుచ్చుకుందో, ఎన్నాళ్ల నుంచి దాన్ని మోసుకుంటూ ఎక్కుతున్నానో, నాకేమీ తెలియదు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఆ నల్లటి రబ్బరు వైపు గుడిలో చూసినట్టు చూశాను. నిజంగానే చేతులు జోడించబోయి, సెక్యూరిటీ అతను చూస్తున్నాడని ఆగాను.

డబ్బింగ్ రోజు గదిలో లైట్లు ఆర్పారు. తెర మీద మహారాణి లేచి నిలబడింది. నటి తన భాషలో తను మాట్లాడేసింది, ఆవిడ పెదవులు ఎక్కడా ఆగవు. ఆగితేనే కదా నేను గాలి పీల్చేది. మొదటిసారి కంగారులో ఎత్తుగా అందుకుని, చివరి మాటల ముందే ఆగిపోయాను. గాజు అవతల దర్శకుడు చేతిలో పెన్ను తిప్పుతున్నాడు. కాసిని వేణ్ణీళ్లు తాగి, ఆ లూప్, అంటే ఆ సీను ముక్క, ఇంకోసారి వెయ్యమన్నాను. ఈసారి తొందరపడలేదు. కింది నుంచి మొదలుపెట్టి, మాట వెనక మాటగా కోపాన్ని ఎక్కించుకుంటూ పోయాను. ఆవిడ పెదవులు మూసుకున్నాయి, నేను ఆగాను. లోపల గాలి ఇంకా ఉంది. అంత గాలి ఎక్కడిదో అర్థంకాక, మైకు ముందు భయంభయంగా నిలబడ్డాను.

ఇంజినీరు వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ విన్నాడు. కంప్యూటరు తెర మీద గొంతు గీసిన గీతల్లో ఏదో వెతికాడు. మాటల మధ్య ఊపిరి చప్పుడుంటే కత్తిరించడం వాళ్లకి అలవాటు.

"మేడమ్, ఊపిరి ఎక్కడ తీసుకున్నరు? కట్ చేద్దామంటే కనిపిస్తలేదు."

"తీసుకోలేదు బాబూ" అన్నాను.

అతను దర్శకుడి వైపు తిరిగాడు. దర్శకుడు నన్ను మెచ్చుకోలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, ఇందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు, "తర్వాతి లూప్ వెయ్యండి" అన్నాడు. చీకట్లో ఎవరికీ కనబడలేదు కానీ, ఆ మాటకి నాకు కళ్లనీళ్లు ఆగలేదు.