నీలమ్మ చెలక మట్టి

నీలమ్మ గచ్చిబౌలిలోని ఒక విశ్వవిద్యాలయంలో తోటపని చేసేది. ఆఫీసు టవర్ల మధ్య ఆమెకు అరెకరం చెలక, వానమీద పండే ఎర్రమట్టి చేను, మిగిలింది. అత్త నేర్పినట్టే జొన్న, కంది కలిపి చల్లేది. ఎండాకాలం ఎరువు కోసం గొర్రెల మందను చెలకలో ఆపించేది, అప్పుడప్పుడు చెరువు పూడిక తోలించేది. ఆ నేల మీద యూరియా ఎన్నడూ పడలేదు.

అదే విశ్వవిద్యాలయం ల్యాబులో మట్టిలోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న రసజ్ఞ ఆ చెలక గురించి విని, ఒకరోజు నీలమ్మను అడగకుండానే కొంత మట్టి తవ్వి తెచ్చుకుంది. తెలిసి నీలమ్మ ల్యాబుకు వెళ్లింది. కోపగించుకోలేదు. తనను అడిగి ఉంటే తొలి వాన పడ్డ మూడోనాడు రమ్మనేదాన్నని, ఎండిన మట్టిని చూస్తే ఏం తెలుస్తుందని మాత్రం అంది. రసజ్ఞ సిగ్గుపడింది.

వానల తర్వాత అడిగి తెచ్చుకున్న మట్టిలో, మందులు చల్లిన తోటల మట్టికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సూక్ష్మజీవులు కనిపించాయి. అప్పటి నుంచి రెండేళ్లు ఇద్దరూ కలిసి పనిచేశారు. ఏ పని ఎప్పుడు చేయాలో నీలమ్మ చెప్పేది, దానివల్ల మట్టిలో ఏం మారిందో రసజ్ఞ చూసేది.

అంతలో రోడ్డు విస్తరణలో చెలక పోతుందని నోటీసు వచ్చింది. మట్టిని సీసాల్లో పెట్టి ఫ్రీజర్లో దాస్తానంది రసజ్ఞ.

"గడ్డగట్టిచ్చి పెడితే అది పండుకున్నట్టే గద బిడ్డా. దానికి వేర్లు గావాలె, మంద గావాలె. జర జాగ ఇప్పియ్యి, నేను జూస్కుంట," అంది నీలమ్మ.

రసజ్ఞ పైవాళ్లను ఒప్పించి ల్యాబు వెనక ఖాళీ జాగా సంపాదించింది. జేసీబీలు రాకముందే ఇద్దరూ కూలీలను పెట్టి జానెడు లోతు పైమట్టి తీయించి తరలించారు. ఆఖరి ట్రాక్టరు కదిలాక నీలమ్మ బోసిపోయిన చెలకలో కూర్చుండిపోయింది.

"అత్త నా చేతిల వెట్టి పోయింది. నేను ఇంకొకల చేతిల వెట్టకముందే పాయె," అంది. రసజ్ఞ వచ్చి పక్కన కూర్చుంది.

కొత్త చోట మొదటి ఏడు జొన్న మోకాలెత్తు దాటలేదు. పరీక్షల్లో సగం సూక్ష్మజీవుల జాడే లేదు. రసజ్ఞ ఆ సంగతి దాచకుండా చెప్పింది. నీలమ్మ ఆ ఎండాకాలం కొల్లూరు వైపు నుంచి మందను పిలిపించి పదిరోజులు అక్కడే ఆపించింది. మరుసటేడు మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు తిరిగొచ్చాయి. కొన్ని మరి రాలేదు.

పరిశోధన పత్రంలో రసజ్ఞ తన పేరుకన్నా ముందు నీలమ్మ పేరు రాసి, చదివి వినిపించింది. పోయినవాటి గురించి కూడా రాసినవా అని నీలమ్మ అడిగింది.

"రాశానండీ."

"అట్లయితే మంచిదే," అని నీలమ్మ కంది విత్తనాలు కొంగులో పోసుకుని ల్యాబు వెనక చేనువైపు నడిచింది.