సామ్రాజ్యం రాసుకొచ్చిన ఫారాలు

కొత్తదొరువు పంచాయతీ కార్యదర్శి జయకుమార్ కాగితాల కట్ట తెచ్చేసరికి సర్పంచ్ సామ్రాజ్యం వాకిట్లో ఉప్పుచేపలు ఆరబోస్తోంది. ఊరికి ఏం కావాలో ఇంటింటికీ వెళ్లి అడిగి రాయమని మండలాఫీసు పంపిన సర్వే ఫారాలవి. ఇంటికొకటి చొప్పున రెండొందల పన్నెండు. అన్నీ అప్పుడే నింపేసి ఉన్నాయి. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆమె పైనున్న నాలుగు తిప్పింది. ఒకటే చేతిరాత, ఒకటే కోరిక: రొయ్యల చెరువుల దాకా సిమెంటు రోడ్డు. అయిదో ఫారం ఆమె అత్తగారి పేరున ఉంది.

"మా అత్త పోయి రెండేళ్లయింది సార్. ఆమె కూడా రోడ్డే అడిగినాదా?"

జయకుమార్ నవ్వేశాడు. "పాత లిస్టు చూసి రాసినాంలేమ్మా. ప్రతేడూ ఇట్నే గదా. సంతకం పెట్టేయండి, పైకి పంపాల."

ప్రతేడూ అట్లాగే జరిగిన మాట నిజం. మూడేళ్లలో ఆమె ఏ కాగితమూ చదివి సంతకం పెట్టలేదు. సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు రొయ్యల చెరువుల కామాక్షయ్య ఏరి కోరి ఆమెను నిలబెట్టాడు. ఏడో తరగతి చదివింది, గొంతు పెంచి మాట్లాడదు. భర్త ముత్యాలయ్యకు చేపల వేట తప్ప వేరే లోకం లేదు. కామాక్షయ్యకు కావలసింది అటువంటి ఇల్లే.

ఆ రోజు మాత్రం చనిపోయిన అత్త పేరు చూశాక సంతకానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"ఖాళీ ఫారాలు ఇయ్యండి సార్. నేనే పోతా."

"ఎండలో మీరెందుకమ్మా?"

"ఎండ నాకు కొత్తా?"

మొదటి రెండు రోజులూ జనం ఆమెను అనుమానంగానే చూశారు. మళ్లీ ఎలక్షన్లేమో అనుకుని కొందరు కుర్చీ వేశారు, కొందరు తలుపు దగ్గరే నిలబడి మాట్లాడారు. ముసలి కామమ్మ తన వేలిముద్ర మిషన్లో పడడం లేదని, పింఛను ఆగిపోయిందని చెప్పుకుంది. రోజారమణి బడి మరుగుదొడ్డికి గడియ లేదని, ఆడపిల్లలు ఒకరికొకరు కాపలా నిలబడుతున్నారని చెప్పింది. సామ్రాజ్యం అక్షరం అక్షరం కూడబలుక్కుని అన్నీ రాసుకుంది. కానీ ఎక్కువమంది నోట వచ్చింది నీళ్ల మాటే.

ఊరి పడమట ఇసుకలో తవ్విన గుంటలున్నాయి. వాటినే దొరువులంటారు. ఒకప్పుడు వాటి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. చుట్టూ రొయ్యల చెరువులు వెలిసి, వాటి మురుగు కాలవలోకి వదలడం మొదలయ్యాక ఉప్పెక్కిపోయాయి. వనజాక్షి ఆమె చేతిలో గ్లాసు పెట్టింది.

"తాగి చూడక్కా."

సామ్రాజ్యం గుక్కెడు నోట్లో పోసుకుని మింగలేకపోయింది. ఆమె ఇంట్లో కొన్నాళ్లుగా అల్లూరు నుంచి వచ్చే క్యాను నీళ్లు తాగుతున్నారు.

"మేం వీటితోనే వండుకుంటుండాం. పప్పు ఉడికి చావదు. నా మనవరాలికి ఒళ్లంతా దురద. రాసుకో అక్కా, నా పేరుతోనే రాసుకో. నాకేం భయం?"

వల అల్లుకుంటున్న ముసలి సుబ్బు మాత్రం తలెత్తకుండానే అన్నాడు.

"రాస్తే రాసినావులేగానీ, కొత్త చెరువులు తవ్వేటప్పుడు మాకేం అభ్యంతరం లేదని పంచాయతీ నించి కాగితం ఇచ్చిందెవురు?"

"నాకు తెలీదు మామా."

"నీ సంతకమేగదమ్మా ఉండేది."

ఆమె అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది. ఏ రోజున ఆ కాగితం తన ముందు పెట్టారో, ఏ ఫైల్లో పెట్టారో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. కాసేపటికి ఆ మాట కూడా ఆయన ఫారంలో రాసుకుని లేచింది.

పదహారు రోజులు పట్టింది. నూట డెబ్భై ఇళ్లవాళ్లు నీళ్లే అడిగారు.

బడి వరండాలో గ్రామసభ పెట్టారు. మండలం నుంచి ఒక కుర్ర అధికారి వచ్చాడు. కామాక్షయ్య తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సామ్రాజ్యం లేచి లెక్క చదివింది. చెరువుల మురుగు కాలవలోకి వదలడం ఆపించాలని, అందాకా మంచినీళ్లు ఇప్పించాలని అడిగింది.

కామాక్షయ్యకు కోపం రాలేదు.

"మంచిదమ్మా. మన ఊరి కష్టం మనం చెప్పుకోవాల్సిందే. ఆ చెప్పినోళ్లు ఒకసారి లేసి నిలబడితే సారుగారు కూడా చూస్తారు గదా."

అలా అని వెనక్కి తిరిగి, వరస వరసనా తీరిగ్గా చూశాడు. ఊళ్లో సగం ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అతని చెరువుల మీద పనికి పోతున్నారు. వనజాక్షి కొడుకు అతని రొయ్యల మేత వ్యాను తోలుతాడు. ఎవరూ లేవలేదు. సామ్రాజ్యం వనజాక్షి వైపు చూసింది. వనజాక్షి మనవరాలి జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

"ఆ ఫారాలు ఇవ్వండమ్మా" అన్నాడు అధికారి. "పేర్లు, డోర్ నంబర్లు ఉంటే రికార్డు చేస్తాను."

అతను మంచిమనసుతోనే అడిగాడు. ముందు వరసలోంచి కామాక్షయ్య చెయ్యి చాచాడు.

"ఇట్టా ఇయ్యమ్మా, నేనందిస్తా."

పైనున్న ఫారంలో వనజాక్షి పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. సామ్రాజ్యం కట్టను సంచిలోకి తోసి, సంచిని చంకలో ఇరికించుకుంది.

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే రాసుకున్నా."

"అంటే ఇళ్లకు వెళ్లలేదా?"

"పోలేదు సార్."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్విన వాళ్ల పేర్లు కూడా సంచిలో ఉన్నాయి. జయకుమార్ బీరువాలో దాచిన పాత కట్ట, రోడ్డు అడిగిన ఫారాలది, బయటికి తీశాడు. ఉపసర్పంచ్ సంతకం పెట్టాడు. తప్పుడు సర్వే చేసినందుకు సంజాయిషీ ఇమ్మని వారానికి ఆమెకు నోటీసు వచ్చింది.

ఆ రోజు సభ ముగిసి ఇంటికి రాగానే ఆమె ఫారాలన్నీ పెరటి పొయ్యిలో పెట్టింది. ముత్యాలయ్య పక్కన నిలబడి చూశాడు.

"వాళ్లకోసం అబద్ధమాడి దొంగవైతివి. ఒక్కరన్నా వచ్చినారా?"

మర్నాడు వనజాక్షి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా పేరుండే కాగితం కాల్చేసినావా అక్కా?"

"కాల్చేసినా."

"ఒట్టెయ్యి."

సామ్రాజ్యం ఒట్టేసింది. వనజాక్షి ఊపిరి పీల్చుకుంది గానీ వెంటనే మొహం గంటు పెట్టుకుంది.

"అయినా నిన్ను చదవమన్నదెవురు? మా బాధ నీతో చెప్పుకున్నాం గానీ, సభలో అరవమని చెప్పినామా?"



ఎండాకాలానికల్లా చెరువుల దాకా రోడ్డు పడింది. కామాక్షయ్య తన ఫొటో అతికించిన ట్యాంకరుతో రోజుకొకసారి ఊరికి నీళ్లు పంపుతున్నాడు. జనం అతన్ని దీవించారు. జయకుమార్ తెచ్చే ప్రతి కాగితాన్నీ సామ్రాజ్యం చివరిదాకా చదవడం మొదలుపెట్టింది. అతను తేవడం మానేసి ఉపసర్పంచ్ ఇంటికి పోతున్నాడు. జెండా ఎగరేసే రోజున మాత్రం ఆమెకు కబురొస్తుంది. నోటీసు వచ్చిన నెల నుంచి ఆమె క్యాను నీళ్లు మాన్పించింది.

మొన్నొక రోజు ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి ఉంటే ఎవరో గట్టిగా అన్నారు.

"సర్పంచమ్మని ముందుకి పోనియ్యండయ్యా, సర్వేకి పోవాలంట!"

అందరూ నవ్వారు. ఆమె కదలలేదు. తన వంతు వచ్చేసరికి ట్యాంకరు అడుగంటింది. సగం బిందె నీళ్లతో ఇంటికొచ్చి, వాటితోనే అన్నానికి ఎసరు పెట్టింది.