అతుకు తెలియని తాడు

కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరు తాత ఊరికే నిలబడినా, ఆయన బొటనవేలూ చూపుడువేలూ కనిపించని నారను పేనుతూనే ఉంటాయి. తాళ్ళు పేనే ఇంట్లో పుట్టిన మనిషి. డీఎన్ఏ పాఠంలో చూపించే రెండు పేటల తాడు ఆయన పేనిందే.

ఆవేళ కొత్త మేడమ్ ఆ తాడు కొసలు రెండూ కొక్కేలకు బిగించింది. "కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏకి నకలు తయారవ్వాలి. అందుకు ఒక ఎంజైము పేటల్ని ఇలా విడదీస్తుంది" అంటూ మధ్యలో వేళ్ళు దూర్చి లాగింది. లాగినకొద్దీ అవతల పురి బిగిసి, తాడు మెలికలు పడి మొండికేసింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడమ్ ముఖం చిన్నబోయింది. తాత బ్లేడు పట్టుకుని వచ్చాడు. "ఒక్క పేటే కొయ్యాలమ్మా. రెండూ కోస్తే కొంప మునుగుతుంది." తెగిన కొసలు రెండో పేట చుట్టూ గిర్రున తిరిగి బిగువు వదిలాయి. వాటిని అరచేతుల మధ్య పేని కలిపేశాడు.

"కణంలో అచ్చం ఈ పని చేసే ఎంజైము ఇంకొకటుంది. మీకెవరు చెప్పారు?" అంది మేడమ్.

"మా నాన్న. దాని పేరు చెప్పలేదు గానీ పని నేర్పాడు."

ఆమె తాడంతా తడిమి చూసింది. "ఎక్కడ కోశారు?"

"దొరకదమ్మా." తాత తాడు చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశాడు. "చిన్నప్పుడు అతుకు దొరికితే మా నాన్న నాకు అన్నం పెట్టనిచ్చేవాడా?"