జీతగాడికి ఏ ఆకారం?

మా సముద్రపు ఒడ్డు ఊరు టెషీలో సోవా తాత మాట విని సగం ఊరు ఉద్యోగాలకు రాజీనామా చేసింది. సరే, సగం ఊరంటే మరీ ఎక్కువే. ఒక వీధి అనుకోండి. వీధి కూడా కాదులెండి, ఇద్దరు. వాళ్లలో ఒకణ్ణి అప్పటికే తీసేయబోతున్నారు. కానీ నెలజీతగాణ్ణి చూస్తే తాత నోరు ఊరుకోదన్నది మాత్రం నిజం.

తాత శవపేటికలు చేస్తాడు. మా తీరంలో మనిషి ఏ పని చేసి బతికితే ఆ ఆకారంలోనే పెట్టె చేయించి, డప్పులు కొట్టి, చిందులు వేసి సాగనంపుతాం. చేపలు పట్టినవాడు చేపలో వెళతాడు. టాక్సీ తోలినవాడు టాక్సీలో వెళతాడు. మిరపకాయలమ్మిన ముసలమ్మను తాత నిగనిగలాడే ఎర్ర మిరపకాయలో పంపితే, మోసినవాళ్లు శ్మశానం దాకా తుమ్ముతూనే ఉన్నారు. ఇక మిగిలింది గుమాస్తా.

"నిన్ను దేంట్లో పెట్టాలిరా?" అని తాత రోజూ పొద్దున్నే ఒకాయ్ అనేవాణ్ణి ఆపేవాడు. ఒకాయ్ ఓడరేవులో సరుకుల కంపెనీ గుమాస్తా. మెడలో టై, చేతిలో కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దల డబ్బా.

"అందరినీ పెట్టినట్టే పెట్టు తాతా."

"అందరికీ ఓ ఆకారం ఉందిరా. నీకేది? కుర్చీ చెయ్యనా? అది కంపెనీది. ఫ్యాను చెయ్యనా? అదీ కంపెనీదే. నీ సొంతమల్లా ఆ టై ఒక్కటే. అందులో నువ్వు పడతావా?"

"నెల తిరిగేసరికి నాకు జీతం వస్తుంది. నీకు ఎవడో ఒకడు పోతేనే గదా పొయ్యి వెలిగేది!"

"పోనివాణ్ణి ఒక్కణ్ణి చూపించు, నేనూ ఉద్యోగంలో చేరతా. రాజీనామా చెయ్యరా వెధవా!"

చేపలు పొగబెట్టి అమ్మే ఒకాయ్ భార్య ఆయెలే ఊరుకునేది కాదు. "మా ఆయన్ని చెడగొట్టకు తాతా. మా ఇంట్లో సెలవంటే ఏమిటో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి" అనేది. సంతలో ఎవరు కనిపించినా "మా ఆయన ఆఫీసులో" అని మొదలుపెట్టేదీ ఆమే. ఆ మాట అనేటప్పుడు తల కాస్త పైకెత్తేది.

అందుకే, ఒక బుధవారం కంపెనీ గేటుకు తాళం పడి ఉండడం చూసినప్పుడు ఒకాయ్ ఇంటికి వెళ్లలేకపోయాడు. నేరుగా సముద్రపు ఒడ్డుకు నడిచి, ఓ పాత పడవ చాటున కూర్చున్నాడు. మర్నాడూ అదే టై కట్టుకున్నాడు, అదే పడవ దగ్గరికి చేరాడు. జాలర్లు వేటకు వెళ్లిపోతే ఒడ్డున మిగిలేవి మేకలే. అవి ఒకాయ్‌ని బాగానే ఆదరించాయి. ఒకటి టై చివర కొరికి రుచి కూడా చూసింది.

బాధల్లా తాతతోనే. ఆయన గొంతు ఆ వారం మరీ లేచింది. "జరగండి జరగండి, దొరగారు ఆఫీసుకు వెళుతున్నారు! పరుగెత్తరా ఒకాయ్, నువ్వు లేకపోతే అక్కడ ఓడలు కదలవు!" వీధంతా నవ్వేది. ఒకాయ్‌కి ఆ నవ్వు వీపు మీద గీరినట్టుండేది.

ఆ తరవాత మంగళవారం వచ్చింది. మంగళవారం మావాళ్లు వేటకు వెళ్లరు. అది సముద్రం విశ్రాంతి తీసుకునే రోజు, పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇరవై ఏళ్లు ఆఫీసుకు పోయిన ఒకాయ్‌కి మాత్రం మంగళవారమంటే సోమవారం తరవాతి రోజు, అంతే. డబ్బా ఊపుకుంటూ పాత పడవ చుట్టూ తిరిగాడు. ఊరంతా అక్కడే ఉంది! వలలు కుట్టేవాళ్లు, తారు పూసేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. వాళ్ల మధ్యలో పడవ యజమానురాలు షోర్మేతో రేపటి చేపలకు బేరమాడుతూ ఆయెలే.

"ఏమండీ! ఆఫీసు లేదా?"

వలలు కుట్టే చేతులు ఆగిపోయాయి. ఒకాయ్ డబ్బాను వీపు వెనక దాచుకున్నాడు.

పక్క పడవలో చెక్క పలక అతుకుతున్న సోవా తాత తల పైకి లేచింది. "వచ్చావా? ఇంతసేపా? ఆయెలే, నేనే వీడి చేత సెలవు పెట్టించాను. షోర్మే కొత్త పడవ మీద అక్షరాలు రాయాలి."

షోర్మే నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా పడవ మీద గుమాస్తా రాస్తాడా? ముసలాడా, ఎండ దెబ్బ తగిలిందా?"

"జీతగాడి చేత ఏ పనీ కాదని నేనంటున్నా. అవుతుందని వీడంటున్నాడు. చెడిపోతే పడవంతా నేనే మళ్లీ గీకిస్తా." తాత రంగు డబ్బా ఒకాయ్ చేతిలో కుక్కాడు. "ఏం రాయాలో చెప్పు షోర్మే."

"చూసి ఏడవకండి, అని రాయమను. మా తోడికోడలు చదువుకుంది."

మిషన్ బడిలో సిస్టరమ్మ స్కేలు దెబ్బలతో దిద్దించిన చేతిరాత ఒకాయ్‌ది. మొదటి అక్షరాన్ని రెండుసార్లు తుడిచి రాశాడు. రెండోది ఒక్కసారికే కుదిరింది. మూడోదానికల్లా తానెవరికీ కనబడకూడదన్న సంగతే మరిచిపోయాడు. ఎర్రటి అక్షరాలు, వాటి వెనక పసుపు నీడ, ఒక్కో అక్షరం చివర చేప తోక. పొద్దు వాలేసరికి షోర్మే పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది. ఉన్నట్టుండి చీర కుచ్చెళ్లలా కట్టుకున్న గుడ్డ ఎగదోపి ఇసుకలో చిందు వేసింది. ఒడ్డంతా ఈలలు!

"నా పడవకు ఎప్పుడు రాస్తావు?"

"నీదేంటి, ముందు నాది!"

"తోసుకోకండి, వరసలో రండి!" అని ఆయెలే అప్పుడే పెత్తనం తీసుకుంది. వాళ్లను సర్ది, మొగుడి దగ్గరికొచ్చింది.

ఒకాయ్ గొంతు తగ్గించాడు. "ఆయెలే, ఆఫీసు మూసేశారు."

"మీ మొహం చూడగానే తెలిసిందిలెండి. ఆ టై విప్పి బ్రష్షు తుడుచుకోండి."

ఇప్పుడు ఒకాయ్ రాసిన అక్షరం లేని పడవ మా ఒడ్డున లేదు. సెలవుల్లేవు, భోజనానికి వేళ లేదు, షోర్మే తిట్లు మాత్రం ఉన్నాయి. అయినా ఇప్పుడు సంతలో "మా ఆయన పడవల దగ్గర" అనేటప్పుడు ఆయెలే తల మరికాస్త పైకి లేస్తుంది.

ఓ రోజు రంగు కలుపుతూ ఒకాయ్ ఠక్కున ఆగిపోయాడు. గేటుకు తాళం పడ్డాక తాత ఒక్కసారి కూడా రాజీనామా అనలేదు! పైగా ఒకాయ్ ఆఫీసుకే వెళుతున్నాడని రోజూ వీధంతా వినేలా చాటాడు. బ్రష్షు పట్టుకునే తాత దుకాణానికి పరుగెత్తాడు.

"తాతా, నీకు మొదటి రోజే తెలుసు కదూ?"

రంపం ఆగలేదు. "ఏం తెలుసు?"

"కంపెనీ మూసేశారని. అందుకేగా రాజీనామా మాటెత్తలేదు?"

"రోజూ ఎత్తాను. నీకు చెవుడు."

"మరి ఆ మంగళవారం నన్ను కాపాడింది?"

"ఏ మంగళవారం? నేను ఒడ్డుకే రాలేదు. పడవను చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది." అలా అంటున్న తాత చొక్కా మోచేతికి పసుపు రంగు ఇంకా అంటుకునే ఉంది.

బల్ల మీద మనిషంత పొడవైన చెక్క పెట్టె ఒకటి తయారవుతోంది. ఒక చివర పిడి, ఇంకో చివర కుచ్చు. ఒకాయ్ తన చేతిలోని బ్రష్షును, దాన్ని మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇదేంటి తాతా?"

"ఇదా?" తాత దాని మీద గోనె కప్పేశాడు. "చీపురు."