ఏసుపాదం పిక్క మీది మచ్చ

నాగాయలంక రేవులో ఏసుపాదం ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్నాడు. సరదాకి గాలం వెయ్యడానికి వచ్చే పట్నం వాళ్లను కృష్ణ పాయల్లోకి తీసుకెళ్తాడు. పడవెక్కే ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: "మొసళ్లున్నాయా?"

"నేనెప్పుడూ చూళ్లేదండీ. జెల్ల చేపతోనే జాగ్రత్త," అంటాడు. జెల్ల పడితే చాలు, దాని మూడు ముళ్లూ పటకారుతో విరిచేశాకే పడవలో వేస్తాడు.

పోయిన నెల వచ్చిన పెద్దమనిషి విరవనిస్తే కదా! ఫొటోలో చేప నిండుగా కనపడాలట. ఒట్టి చేత్తో పట్టుకుంటే ముల్లు అరచేతిలో దిగింది. ఏసుపాదం భార్య హెప్సిబా ఆ చేతిని గంటసేపు వేడినీళ్లలో ముంచి ఉంచితే గానీ ఆయన ఏడుపు ఆగలేదు.

వారం తిరక్కుండా ఆయన వీడియో వచ్చింది. పేరు "ప్రాణాలు తీసే నది". అందులో ఏసుపాదం పిక్క మీది మచ్చను పెద్దది చేసి చూపించి "మొసలి కాటు" అన్నాడు. ఉపకారం చేసిన ఇంటికి ఇదా మర్యాద? చూసిన నాకే ఒళ్లు మండిపోయింది.

ఎన్నడూ గొంతు పెంచని ఏసుపాదం ఆయనకే ఫోన్ చేశాడు.

"అది మొసలి పని కాదండీ. మీలాంటి బాబులు తెంపేసి పోయిన గాలం మడచెట్ల వేళ్లకి వేలాడుతుంటే, పడవ తోస్తున్న నా పిక్క చీరేసింది. ఆర్నెల్లు మంచంలో ఉన్నాను. ఇకమీదట మొసళ్లున్నాయా అని ఎవరన్నా అడిగితే, లేవు, మీరు వదిలిన గాలాలున్నాయి, చూసి దిగండి అని చెప్తాను!"