చిన్న డబ్ల్యూ డబ్బాలు

పలాసలో మా మావ జీడిపప్పు ఫ్యాక్టరీకి సరుకు ప్రోగ్రామ్ రాసింది నేనే. ఆ పొగరుతో కొన్నాళ్లు నేల మీద నడవలేదు.

గ్రేడు కొడితే ఆ గ్రేడు డబ్బాలన్నీ చూపించాలి, అంతే దాని పని. కానీ మావ W320 అని కొడితే నలభై డబ్బాలు, w320 అని కొడితే నాలుగే డబ్బాలు వచ్చేవి. డేటాబేస్‌కి పెద్ద డబ్ల్యూ, చిన్న డబ్ల్యూ వేరువేరు మరి.

"నీ కంప్యూటరుకి సెవుడేటిరా? పెద్దగా పిలిత్తే ఒకలు, సిన్నగా పిలిత్తే ఇంకొకలు పలుకుతన్నారు," అని మావ అందరి ముందూ నవ్వాడు.

డబ్బాల వివరాలు ఎక్కించేది గ్రేడింగు చేసే పిన్ని, ఫ్యాక్టరీలో అందరికీ పిన్నే. రోజూ నందిగాం నుంచి ఆటోలో వస్తుంది. విరగని గుండు పప్పు చేత్తో ఏరి, ఏ డబ్బా ఏ గ్రేడో తనే ఒంటి వేలితో కంప్యూటర్‌లో కొడుతుంది. పాపం, క్యాప్స్‌లాక్ సంగతి తెలీదేమో అనుకున్నాను. పెద్ద మనసు చేసుకుని, కొట్టినదాన్నీ, డేటాబేస్‌లో ఉన్నదాన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చమని ప్రోగ్రామ్‌లో ఒక ముక్క కలిపాను. ఇక ఎలా కొట్టినా నలభై నాలుగూ వచ్చాయి. మావ భుజం తట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆ నలభై నాలుగూ లారీ ఎక్కేశాయి. పిన్ని ఆటో దిగి, డబ్బాల మీద తను సుద్దతో రాసిన గుర్తులు చూసి, కొంగు బిగించి లారీకి అడ్డంగా నిలబడింది.

"ఆ నాలుగూ ఎవులు ఎక్కించీసినారు?"

"కంప్యూటర్లో సూపించింది పిన్నీ," అన్నాను.

"సిన్న డబ్ల్యూ ఏసినానంటే సెమ్మ ఆరలేదని, ఇంకోపాలి సూడాలని! కాయితం మీద రాసిన కాడినుంచీ అంతే. బూజట్టి తిరిగొత్తే ఎవుల్నంతారు? ఏరిన నన్నే కదేటి!"

నాలుగు డబ్బాలూ నా చేతే దింపించింది. ఒకదాని మూత తీసి గుప్పెడు పప్పు నా చేతిలో పోసింది. నోట్లో వేసుకుంటే మెత్తగా నలిగింది, కరకర లేదు. ఇన్నేళ్లలో ఆవిడ ఏరిన సరుకు ఒక్కసారీ వెనక్కి రాలేదని మావ చెప్పాడు, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రం 'ఇంకా చూడాలి' అని వేరే గడి పెట్టి, అందులో టిక్కు ఎలా కొట్టాలో పిన్నికి చూపించాను. ఒక్కసారికే పట్టేసింది.

"ఇదేదో ముందే పెట్టుంటే సరిపోయేది కదేటి," అంది.

"నువ్వు సెప్పలేదు కదా పిన్నీ."

"నువ్వు అడిగితే కదా, బాబూ."

ఆ ప్రోగ్రామ్ రాసిన ఆరు నెలలూ ఆవిడ బల్ల పక్కనే కూర్చుని, ఆవిడ పోసిన టీ తాగాను.